నాలుగు జీబీలో మా నాన్న ఆఫీసు

ఇదొక మహాకావ్యం. ఇందులో ఒక ఇల్లు రెండుగా చీలుతుంది, ఒక తల్లి మూడు రోజులు మౌనవ్రతం పాటిస్తుంది, ఒక తండ్రి తన సర్వీసు మొత్తాన్నీ పణంగా పెడతాడు, ఒక ఆడపిల్ల బతుకు సోమవారం పొద్దున్న పది గంటలకి తేలిపోతుంది. అని మొదలుపెడదామనుకున్నాను. తీరా రాయడానికి కూర్చుంటే ఇది పాత లాప్‌టాప్‌లో ర్యామ్ వేయించాలా, అక్కర్లేదా అన్న సంగతి. తల్లి మౌనం కూడా మూడు రోజులు కాదు, మధ్యాహ్నం భోజనాల దాకానే. చారులో ఉప్పు సరిపోయిందా అని మళ్లీ ఆవిడే అడిగింది.

జ్ఞాపకాలు రాసే వయసు నాకింకా రాలేదని తెలుసు. నా తలలో తెల్ల వెంట్రుకలు రెండే, వాటిలో ఒకటి సున్నమని అమ్మ వాదన. కానీ పోయిన వారం నా కొత్త లాప్‌టాప్ నత్తనడక మొదలుపెడితే దాని బిల్లు కోసం బీరువా అడుగు అర వెతికాను. బిల్లు దొరకలేదు. దాని బదులు అట్ట వేసిన పొడుగు నోటు పుస్తకం దొరికింది. అట్ట మీద నాన్న గుండ్రటి చేతిరాతలో 'ట్యాబుల రిజిస్టరు' అని ఉంది, కింద రెండు గీతలు స్కేలు పెట్టి కొట్టి ఉన్నాయి. ఆ గీతలు చూడగానే మా వీధి వరండా, అమ్మ నానబోసిన మినప్పప్పు వాసన, పక్కింటి వాళ్ల రేడియో అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. రేడియో ఇప్పటికీ మోగుతూనే ఉంది కాబట్టి దాన్ని జ్ఞాపకం కింద రాయకూడదేమో.

మా నాన్న రెవెన్యూలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. నర్సీపట్నంలో ప్రతి రెండో ఇంట్లోనూ ఒక ఉద్యోగమో ఒక పెన్షనో ఉంటుంది గనక ఇందులో గొప్పేమీ లేదు. గొప్పంతా ఆయన ఆఫీసుని ఇంటికి తెచ్చిన పద్ధతిలో ఉంది. నా చిన్నప్పుడు ఆయన సాయంత్రం చంకలో నాలుగు ఫైళ్లతో వచ్చేవారు. వాటికి గోనెపట్టా, పాత కాగితం, మైదా జిగురు కలిసిన ఒక వాసన. అది ఇప్పటికీ నాకు అన్నం వేళని గుర్తు చేస్తుంది, ఎందుకంటే ఆయన వచ్చాకే కంచాలు పెట్టేవారు. నేను చెప్పులతో వెళ్లే స్కూల్లో చదివాను కాబట్టి బూట్ల లేసు కట్టడం కాలేజీ దాకా రాలేదు. ఫైలుకి ఎర్ర నాడా కట్టడం మాత్రం రెండో తరగతిలోనే వచ్చేసింది. ఆఫీసులో పని పూర్తయిన ఫైలుని ఎన్నాళ్లు దాచాలో దాని మీద రాసి మూస్తారు, అదే డిస్పోజల్. ఎల్‌డిస్ అంటే ఏడాది ఉంచి చింపేసేది, డీడిస్ అంటే పదేళ్లు, ఆర్‌డిస్ అంటే ఎప్పటికీ. ఈ మూడు మాటలూ మా ఇంట్లో అచ్చుల తరవాత, హల్లుల ముందు నేర్పారు. నా మూడో తరగతి ప్రోగ్రెస్ కార్డు డీడిస్. గ్యాసు పుస్తకం ఆర్‌డిస్. పాత ఆవకాయ జాడీని ఒకసారి ఎల్‌డిస్ అన్నందుకు అమ్మ ఆ పూట ఆయనకి ఉత్త మజ్జిగన్నం పెట్టింది. మూడింటిలోనూ పడనిది పెండింగు. పెండింగు ఫైలు బల్ల మీద, తెరిచి, కళ్ల ఎదురుగా ఉండాలి. అది ఆయన మతం.

రిటైరైన రోజున తోటి ఉద్యోగులు శాలువాతో పాటు ఒక లాప్‌టాప్ ఇచ్చారు. నెల్లాళ్లు అది పెట్టెలోంచి బయటికి రాలేదు. తరవాత అమ్మ పాత జాకెట్టు గుడ్డతో దానికి గలేబు కుట్టింది, అప్పుడు నాన్నకి ధైర్యం వచ్చింది. రోజూ పదింటికి చొక్కా లోపలికి దోపి, బెల్టు పెట్టుకుని, వంటింటి నుంచి వరండాకి పదహారు అడుగులు నడిచి డ్యూటీలో చేరేవారు. ఒంటిగంటకి మూత దించేవారు. ఆపడం అంటూ ఉండేది కాదు, ఆఫీసు తాళం వేస్తామేగానీ ఆఫీసుని ఆపుతామా అనేవారు. ఇంటర్నెట్టులో ఆయన ఏ పేజీ తెరిచినా కొత్త ట్యాబులో తెరిచేవారు, ఒక విషయానికి ఒక ఫైలు అన్న లెక్కన. మూయడం మాత్రం ఉండేది కాదు. పైన ట్యాబులు చిక్కి చిక్కి చివరికి పేరు కూడా పట్టనంతగా, దువ్వెన పళ్లలా అయిపోయాయి.

అప్పటికి నేను బ్యాంకు పరీక్ష నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లూ ఒకే ఫలితం తెచ్చుకున్నాను. ఆ విషయంలో నాకు నిలకడ ఉంది. ఐదోసారి విశాఖపట్నంలో హాస్టల్లో పెట్టి కోచింగు ఇప్పించాలని ఇంట్లో అనుకుంటున్న రోజుల్లో నాకు ఒక పని దొరికింది. ఇంట్లోనే కూర్చుని, జనం తెలుగులో మాట్లాడిన రికార్డింగులు విని, ఉన్నది ఉన్నట్టు టైపు చేయాలి. ఊళ్లో అందరి మాటలూ వినడం నాకు అలవాటే, దానికి జీతం ఇస్తారని మాత్రం తెలీదు. మొదటి నెల పరీక్ష. రోజుకి ఇంత అని పూర్తిచేస్తే ఉంచుతారు, లేకపోతే నమస్కారం. నాకు సొంత లాప్‌టాప్ లేదు. మధ్యాహ్నం ఒంటిగంట తరవాత, ఆఫీసు మూసేశాక, నాన్నదే నాకు దిక్కు.

అది నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ప్రాణి. ఆడియో నొక్కితే ఒక ఆయన "మా ఊళ్లో" అంటాడు, ఆగిపోతాడు. తెర తెల్లబడుతుంది. నేను వెళ్లి రెండు బట్టలు ఆరేసి వచ్చాక "చెరువు" అంటాడు. మూడో వారంలో మెయిలు వచ్చింది. మీ రాత బాగుంది, వేగం లేదు, సోమవారం పది గంటల లోపు వెనకబడ్డ పనంతా అందకపోతే కొనసాగించలేం అని. ఆరోజు గురువారం. కోచింగువాళ్లు హాస్టల్లో మంచం ఉంచుతామన్నది కూడా సోమవారం దాకానే. నేను ఆ మంచాన్ని ఫోటోలో చూశాను. దాని కింద ఇంకొకరి సూట్‌కేసు ఉంది, ఆవిడ అక్కడే స్థిరపడినట్టు.

శుక్రవారం లాప్‌టాప్ గలేబుతో సహా సంచిలో పెట్టుకుని బస్సు కాంప్లెక్సు వెనక సూరిబాబు కొట్టుకి బయల్దేరాను. యంత్రం తనది కాబట్టి తనూ వస్తానని నాన్న బెల్టు పెట్టుకున్నారు. సూరిబాబు మా వీధివాడే. ఫోన్ల అద్దాల నుంచి ఇన్వర్టర్ల దాకా ఏదైనా విప్పుతాడు, చాలావరకు మళ్లీ బిగిస్తాడు కూడా. మూత ఎత్తి, తెర చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏటండి సార్, ఇన్ని తెరిసీసినారు?"

"పెండింగు," అన్నారు నాన్న.

"అరవై మూడున్నాయండి."

"సర్వీసులో ఉన్నప్పుడు మూడొందలు చూసేవాణ్ణి."

సూరిబాబు నా వైపు తిరిగాడు. "అమ్మడూ, ఇంకో నాలుగు జీబీ ఏస్తే కొంచెం నడుస్తాది. వైజాగు నుంచి రేపటికి తెప్పించీగలను. నా యాపారం నేను వద్దనను. గానీ ఒక మాట సెప్తాను. పెద్ద గోనె తెచ్చారనుకో, మీ నాన్నగారు దాన్లో ఇంకో అరవై దూరుస్తారు. ముందు ఇవి మూసీసి సూడండి, డబ్బులు మిగుల్తాయి."

నాన్న ఆ రెండో భాగం విననట్టే ఊరుకుని, ధర కాగితం మీద రాసిమ్మన్నారు. అంతటితో ఆగలేదు. కొనుగోలు ఏదైనా మూడు కొటేషన్లు ఉండాలి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి, తక్కువ వాడికి ఇవ్వాలి. అది రూలు. ఊళ్లో ఈ పని చేసేవాళ్లు ఇద్దరే, రెండోవాడు పెళ్లికి వెళ్లాడు.

"పోనీ మా తమ్ముడి పేరు మీద ఒకటి, మా బామ్మర్ది పేరు మీద ఒకటి రాసిమ్మంటారేటండి?" అన్నాడు సూరిబాబు, సాయం చేసే ఉద్దేశంతోనే.

నాన్న ముఖం చూసి నేను లాప్‌టాప్ సంచిలో పెట్టేశాను. దారిలో ఆటోలో ఆయన ఒక్కటే అన్నారు, "మన వీధి అబ్బాయే. మనిషి మంచివాడే."

ఇంట్లో అసలు యుద్ధం మా కోసం కాచుకుని ఉంది. అమ్మ గ్రైండరుకి అప్పటికే రోజులు దగ్గరపడ్డాయి. బెల్టు జారిపోతుంటే ఆవిడ ఒక చేత్తో డబ్బాని తోస్తూ, ఇంకో చేత్తో పిండి ఎగదోస్తూ నిలబడేది. పొద్దున్నే ఆ గరగర, మధ్యలో ఆగడం, అమ్మ ఏదో అనడం, మళ్లీ గరగర. నాకు అలారం అదే. కొత్త గ్రైండరుకని ఆవిడ కూడబెట్టిన సొమ్ములోంచి సగానికి పైగా ర్యామ్‌కి పోతుంది. ఇంట్లో వేరే సొమ్ము లేదా అంటే ఉంది, అది కోచింగుకి తీసిపెట్టింది, దాన్ని ముట్టుకుంటే నా పని పోతే వెళ్లడానికి మంచం కూడా ఉండదు. నాన్న కాగితం మీద నిలువు గీతలు కొట్టి, ఒక పక్క గ్రైండరు, ఒక పక్క ర్యామ్ పెట్టి, అవసరం, అత్యవసరం, ప్రయోజనం అని రాసుకొచ్చి చదివారు. పిల్ల ఉద్యోగం దృష్ట్యా ర్యామ్ అత్యవసరమని తేలింది. అమ్మ చేతికున్న పిండి కడుక్కోకుండానే వింది.

"పిల్ల కోసం అయితే నా గాజులైనా తీసి ఇస్తాను. పిల్ల కోసం కాదండి ఇది. మీ ఫైళ్ల కోసం. అవి మూసీండి, సూరిబాబు సెప్పినాడు కదా."

"నీకెవరు చెప్పారు?"

"వాళ్లమ్మ సెప్పింది. మీరు ఆటో ఎక్కకముందే ఫోను చేసింది."

"మూస్తే మళ్లీ దొరకవు."

"దొరక్కపోతే ఏటవుద్ది?"

నాన్న కుర్చీలో వెనక్కి జారి చెప్పడం మొదలుపెట్టారు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, వేరే జిల్లాలో, పై అధికారి తొందరపెడితే ఒక ముసలావిడ భూమి ఫైలు పని కాకుండానే మూసి రికార్డు రూముకి పంపేశారట. తప్పు తెలిసి మర్నాడే వెనక్కి తెమ్మంటే దొరకలేదు. ఆవిడ ప్రతి సోమవారం వచ్చి, ఆయన బల్ల పక్కన కింద కూర్చుని, కొంగులోంచి నాలుగు జీడిపప్పులు తీసి బల్ల మీద పెట్టి, దొరికిందా బాబూ అని అడిగేదట. రెండేళ్లు. తిట్టలేదు, అర్జీ పెట్టలేదు. ఒక సోమవారం రాలేదు, ఆ తరవాత ఏ సోమవారమూ రాలేదు. ఫైలు ఆ నెలాఖరుకి వేరే కట్టలో దొరికింది. అప్పటినుంచి ఆయన పని కాని ఫైలు మూయలేదు, జీడిపప్పు తినలేదు.

నేను ఆ ముసలావిడ పేరు అడగబోయాను. అమ్మ మాత్రం, "ఈ కథ పెళ్లయిన మూడోరోజున నాకు సెప్పినారు. ఆరోజు జీడిపప్పు పాకం తినకుండా వదిలీడానికి సెప్పినారు," అని లోపలికి వెళ్లిపోయింది. పైన చెప్పిన మౌనం ఇక్కడ మొదలైంది.

చారులో ఉప్పు గురించి అడిగాక రాజీ కుదిరింది. ఉపాయం నాన్నదే. పని అయినవి మూస్తాం. కానివి కూడా మూస్తాం, కానీ ప్రతిదాని చిరునామా రిజిస్టరులో ఎక్కించి మూస్తాం, రేపు కావాలంటే చూసి కొట్టుకోవచ్చు. చిరునామా అంటే ట్యాబు పైన పొడుగ్గా ఉండే ఆ ఇంగ్లీషు వరస. నేను చదవాలి, ఆయన రాయాలి. శనివారం పదింటికి, బెల్టు పెట్టుకుని, మొదలుపెట్టాం. మనుషులు ఇంటర్నెట్టు చిరునామాని పైకి చదివే ప్రయత్నం ఎప్పుడూ చేయకూడదని నాకు మొదటి అరగంటలో తెలిసింది. చుక్క, గీత, మళ్లీ గీత, ప్రశ్నార్థకం, క్యూ, సమానం, శాతం గుర్తు, ఇరవై, శాతం గుర్తు, ఇరవై. ఒకే చిరునామా మూడు లైన్లు. "చిన్న ఏనా, పెద్ద ఏనా?" అని ప్రతి అక్షరానికీ అడిగేవారు. మధ్యలో అమ్మ టీ తెచ్చి, ఎన్నో లైనులో ఉన్నామో తొంగి చూసి వెళ్లిపోయేది.

అరవై మూడింట్లో మా ఇల్లంతా ఉంది. మోకాళ్ల నొప్పికి కసరత్తులు, డీడిస్. ఏటికొప్పాక వెళ్లే బస్సుల వేళలు, పనికొచ్చేది, పెండింగు. లక్క బొమ్మల రంగులు ఏ గింజల నుంచి తీస్తారో చెప్పే పేజీ, అది ఎందుకని అడిగితే తెలుసుకుంటే తప్పేంటన్నారు. గొలుగొండలో మా పెదనాన్న చెరుకుకి పట్టిన తెగులు, ఆ చెరుకు నరికి బెల్లం కూడా అయిపోయింది కాబట్టి ఎల్‌డిస్. గ్రైండర్ల ధరలు, ఒకటి కాదు, పదకొండు ట్యాబులు. అంటే ఆయన రోజూ చూస్తూనే ఉన్నారన్నమాట. అమ్మని పిలిచి చూపించాను. ఆవిడ కొంగుతో తెర తుడిచి, "ఆ ఆకుపచ్చదాని బెల్టు గట్టిదేనేటే?" అంది. దాంతో ఆ పదకొండూ అక్కడికక్కడే ఆర్‌డిస్ అయిపోయాయి.

చీకటి పడే ముందు, చివర్లో, నాలుగు ట్యాబులు వరసగా వచ్చాయి. నాలుగూ నా బ్యాంకు ఫలితాలే. నా నంబరు, నా పేరు, కింద అర్హత పొందలేదు అన్న ఇంగ్లీషు ముక్క. అన్నిటికంటే పాతది రిటైరైన కొత్తలోది. అంటే రోజూ పదింటికి ఆయన ఆఫీసు తెరిస్తే ఇవీ తెరుచుకునే ఉన్నాయి.

"ఇవెందుకు నాన్నా ఉంచారు? ఫలితం వచ్చేసింది కదా, లేదని."

"అది రిమార్కు అమ్మడూ. డిస్పోజల్ కాదు."

ఇక్కడ నా కళ్లు చెమర్చాయని, కిటికీ అవతల వాన మొదలైందని రాయాలి. ఆ సమయంలో లాప్‌టాప్ బిగుసుకుపోయి, తెర తెల్లబడి, మేమిద్దరం ఏడు నిమిషాలు ఖాళీ తెర వైపు చూస్తూ కూర్చున్నాం. నేను ఈలోగా ముక్కు చీదుకున్నాను, అది జలుబు. తెర తిరిగి వచ్చాక, "వీటికి చిరునామా అక్కర్లేదు, మూసేస్తాను," అన్నాను.

"మూద్దువుగాని. ముందు చదువు."

చదివాను. నా ఓటములని చుక్కతో, గీతతో, శాతం గుర్తుతో సహా నాలుగుసార్లు పైకి చదివాను. ఆయన పుస్తకం వెనక్కి తిప్పి, చివరి కాగితం మీద, విడిగా రాసుకున్నారు. చివరి కాలమ్‌లో ఎల్‌డిస్ అని నాలుగుసార్లు రాసి, సంతకం పెట్టి, నా వైపు చూసి తల ఊపారు. నేను మూశాను. నాలుగోది మూయగానే లాప్‌టాప్ లోపల ఫ్యాను శబ్దం తగ్గింది. అంతవరకూ దానికి ఒక ఫ్యాను ఉందని కూడా మాకు తెలీదు, ఎప్పుడూ తిరుగుతూనే ఉండడం వల్ల.

ఆదివారం పొద్దున్న నుంచి నేను లేవలేదు. "మా ఊళ్లో చెరువు" అన్న ఆయన ఒక్క ఊపిరిలో అనేశాడు, ఆ తరవాత ఆ చెరువు గురించి నలభై నిమిషాలు చెప్పాడు. సోమవారం తొమ్మిదీ నలభైకి చివరి ముక్క పంపాను. పదీ పదిహేనుకి జవాబు వచ్చింది, ఉంచుకుంటున్నామని. అభినందనల మాట లేదు, తరవాతి రికార్డింగు ఉంది. హాస్టల్లో మంచం ఇంకెవరికో వెళ్లింది. ఆకుపచ్చ గ్రైండరు ఆ వారంలోనే వచ్చింది. ర్యామ్ ప్రతిపాదనని నాన్న "తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేయడమైనది" అని రాసి రిజిస్టరులోనే అతికించారు.

ఆ ఉత్తర్వులు ఇప్పటిదాకా రాలేదు. పాత లాప్‌టాప్ ఇంకా వరండాలో డ్యూటీలోనే ఉంది. నాది కొత్తది, ఎనిమిది జీబీ. పోయిన వారం సూరిబాబుకి చూపిస్తే, "ర్యామ్ రేట్లు మండిపోతున్నాయమ్మడూ, అప్పుడే ఏయించీసుంటే సరిపోను," అన్నాడు, మూయమని చెప్పింది తనే అని మరిచిపోయి. ఇంటికొచ్చి లెక్కపెట్టాను. నా దాంట్లో డెబ్బై ఒకటి తెరిచి ఉన్నాయి. నాన్నవి ఒక్కోటీ ఒక పని. నావి ఎందుకు తెరిచానో సగం నాకే తెలీదు, మూయడానికి మాత్రం చేతులు రావు. ఆయనకి ఒక ముసలావిడ కారణం. నాకు ఆ పాటి కారణం కూడా లేదు, వారసత్వం తప్ప. ర్యామ్ కొనను అని అప్పుడే తేల్చుకున్నాను.

రిజిస్టరు పేజీలు తిప్పుతూ వెనక్కి వెళ్లాను. చివరి కాగితం లేదు. చింపింది కాదు, స్కేలు ఆనించి, బ్లేడుతో, కుట్టు కదలకుండా కోసింది. వరండాలో మధ్యాహ్నం మూత దించబోతున్న నాన్నని అడిగాను, నా ఫలితాల కాగితం ఏమైందని.

"ఎల్‌డిస్ కదా. ఏడాది అయిపోయింది," అన్నారు, బెల్టు వదులు చేసుకుంటూ. "గడువు దాటాక ఉంచకూడదు."

ఇక ముగించాలి. ఆ శనివారం మేము పొద్దున్న పది నుంచి చీకటి పడేదాకా అరవై మూడు చిరునామాలు అక్షరం అక్షరం చేత్తో రాశాం. రాసిన వాటిలో ఒక్కటి కూడా ఎవరూ తిరిగి కొట్టి తెరవలేదు. ఉద్యోగంలో కుదురుకున్నాక తెలిసిన విషయం ఏమిటంటే, పొరపాటున మూసేసిన ట్యాబు మళ్లీ కావాలంటే కంట్రోల్, షిఫ్ట్, టి మూడూ కలిపి నొక్కాలి. వచ్చేస్తుంది.